వెలుగుకూ ఒక కొలత ఉంది

వెలుగు ఎంత పెరిగితే చూపు అంత స్పష్టమవుతుందని మనం సాధారణంగా అనుకుంటాం. సూక్ష్మదర్శిని ముందు ఈ మాట నిలవదు. అక్కడ వెలుగు ఎంత ఉన్నదన్నదే కాదు, ఏ కోణంలో, ఎంత వెడల్పుతో వస్తున్నదన్నది ముఖ్యం.

చూపు అంటే కంటి నుండి కిరణాలు బయలుదేరడం కాదనీ, వస్తువుల నుండి కాంతి కంటిని చేరడమేననీ బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ వేయేళ్ళ క్రితమే 'కితాబుల్ మనాజిర్'లో నిరూపించారు. సూక్ష్మదర్శినిని తయారుచేసింది ఆయన కాదు. అది ఆరు శతాబ్దాల తర్వాత ఐరోపాలో రూపుదిద్దుకుంది. లేని ఘనతను ఆపాదించడం ఆయనకు గౌరవం కాదు. కాంతిని పరీక్షించి తెలుసుకునే మార్గం చూపడమే ఆయన అసలు ఘనత.

తొలినాళ్ళలో దీపపు మంట ఆకారమే స్లైడు మీద పడి, ఒకచోట వెలుగు, ఒకచోట నీడ ఏర్పడేవి. 1893లో జర్మనీకి చెందిన ఆగస్ట్ కోలర్ దీనికి పరిష్కారం కనుగొన్నారు. దీపపు ప్రతిబింబాన్ని స్లైడు మీద కాక, దాని కింద ఉండే కండెన్సర్ తెర వద్ద పడేలా కటకాలను అమర్చారు. అప్పుడు దీపంలోని ప్రతి బిందువు కాంతీ స్లైడు అంతటా సమానంగా పరుచుకుంటుంది.

ఆ తెర కంటిపాపలా తెరుచుకుంటుంది, ముడుచుకుంటుంది. మరీ తెరిస్తే పలుచని కణాలు వెలుగులో కనుమరుగవుతాయి. మరీ మూస్తే అంచులు నల్లగా తేలుతాయి గాని, సూక్ష్మ వివరాలు చెరిగిపోతాయి. వెలుగు తీవ్రతను తగ్గించవలసింది దీపపు మీట వద్దనే గాని, ఈ తెరతో కాదు.

ఇది పరికరానికి సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. రంగు వేసిన రక్తపు స్లైడులో మలేరియా క్రిమిని వెతికేటప్పుడు స్లైడుకూ కటకానికీ మధ్య నూనెచుక్క వేసి, తెరను బాగా తెరవాలి. రంగు వేయని మూత్రపు చుక్కను చూసేటప్పుడు తెరను ముడవాలి. ఈ తేడాను పట్టించుకోకపోతే క్రిమి కళ్ళ ముందే ఉన్నా కనబడకపోవచ్చు. 'ఏమీ లేదు' అన్న చీటీతో ఒక తల్లి జ్వరపు బిడ్డను ఇంటికి తీసుకుపోవచ్చు.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదువుతున్న మన బిడ్డలకు మేము చెప్పదలచినది ఇదే: ఆ మీటలు సరిచేయడానికి పట్టే రెండు నిమిషాలు కూడా అమానతే. ఎవరూ చూడనిచోట పనిని చక్కగా చేయడమే ఇహ్సాన్.

ఇళ్ళలో హితవు చెప్పే పెద్దలూ ఈ తెరను గుర్తుంచుకోవాలి. నిజమే అయినా పదిమంది ముందు కుమ్మరిస్తే బిడ్డ కళ్ళు మూసుకుంటాడు. పూర్తిగా దాచిపెడితే దారి తప్పుతాడు. తగినంతగా, తగిన వేళ చెప్పిన మాటే దారి చూపుతుంది.

అల్లాహ్ మన చూపుకు స్పష్టతనూ, మన మాటకు మితాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.