కోడలి పాదం - టమోటా ధర

ఈ మధ్య మదనపల్లెలో మా దగ్గరి బంధువుల ఇంట అఖీఖా జరిగింది. ఆడబిడ్డ పుట్టింది. తిరుపతి నుంచి నేనూ వెళ్ళాను. భోజనాలయ్యాక ఇంటి పెద్దావిడ, వరుసకు నాకు ఖాలా, పసిబిడ్డను తెచ్చి నా ఒడిలో పెట్టింది. "తల్లి పాదం సంగతి నీకు తెలిసిందే గదా బేటా. ఈ బిడ్డ పాదమన్నా మంచిదయ్యేట్టు దువా చెయ్" అన్నది. పక్క గదిలో బాలింత పడుకొని ఉంది. తలుపు తెరిచే ఉంది. ఆమె వినలేదనుకోవడానికి వీల్లేదు.

ఆ పాదం సంగతి ఏమిటో పాఠకులకు చెప్పాలి. వాళ్ళది టమోటా సాగు మీద బతికే కుటుంబం. కొడుకు కువైట్‌లో పని చేస్తాడు. 2023లో అతనికి సెలవు ఆగస్టు నెలాఖరులో దొరికింది. అది సఫర్ నెల. మన దక్కనీ ముస్లిముల ఇళ్ళలో ఆ నెల మొదటి పదమూడు రోజులను 'తేరా తేజీ' అంటారు. ఆ రోజుల్లో శుభకార్యాలు పెట్టుకోరు. కీడు తొలగాలని కోడిగుడ్లు, నూనె సదఖాగా ఇస్తారు. పెద్దలు వద్దన్నా, సెలవు దాటితే మళ్ళీ రెండేళ్ళ మాట గనక నిఖా జరిపించారు. కోడలు ఇంటికొచ్చింది. సెప్టెంబరులో టమోటా ధర కుప్పకూలింది. అంతే, ఆ అమ్మాయికి 'మన్హూస్ ఖదమ్' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ ఏడు టమోటా కథ ఎవరు మరిచిపోయారు? ఎండలు, తెగుళ్ళు, ఆపైన వానలు పంటను దెబ్బతీశాయి. జులైలో మదనపల్లె మార్కెట్లో మేలురకం కాయ కిలో 150 రూపాయలు దాటింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక్క పంటతో కోట్లు కళ్ళజూసిన రైతుల గురించి పత్రికలు రాశాయి. ఆ ధర చూసి ఎక్కడికక్కడ నారు నాటారు. నాటిన రెండు, రెండున్నర నెలలకు కాయ కోతకొస్తుంది. ఇతర రాష్ట్రాల పంట కూడా సంతలకు చేరింది. కేంద్రం నేపాల్ నుంచి దిగుమతికి దారి తెరిచింది. సెప్టెంబరు నాటికి కిలో పది రూపాయల లోపుకు పడిపోయింది. కోత కూలి, లారీ బాడుగ కూడా గిట్టక రైతులు కాయను పారబోశారు. ఇంతమంది రైతులు నష్టపోతే, ఇందరి నష్టానికీ ఒక ఇంటి కోడలి పాదం కారణమా? పోనీ, ప్రతి ఇంటికీ ఆ నెలలోనే కొత్త కోడలు వచ్చిందా?

అదే అమ్మాయి జులైలో వచ్చి ఉంటే ఇదే ఖాలా ఆమెను 'ముబారక్ ఖదమ్' అని వీధంతా చెప్పుకునేది. మనిషి అదే, పాదం అదే. మారింది మండీలో పలికిన ధర ఒక్కటే.

నేను బయలుదేరే ముందు ఆ అమ్మాయి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి చూపింది. అందులో ఆ ఏటి మండీ చీటీలన్నీ తేదీల వరుసలో దారంతో కుట్టి ఉన్నాయి. ఇంటర్ దాకా చదివిన పిల్ల. ఆ ఇంట్లో లెక్క రాసేది ఆమె ఒక్కతే. "మామూ, చూడండి. మా నిఖాకు ముందే రేటు దిగడం మొదలైంది" అన్నది. చీటీలు నిజమే చెబుతున్నాయి. కాని నాకు చాలా బాధ కలిగింది. తాను అపశకునం కానని రుజువు చేసుకోవడానికి ఒక ఆడకూతురు ఇన్నాళ్ళుగా కాగితాలు దాచుకుందంటే, ఆ ఇంట్లో ఆమె ఎలా బతుకుతున్నట్టు?

ఆమెతో ఒక మాట చెప్పాను. "అమ్మా, ధర సరిగ్గా నిఖా రోజునే పడిపోయినా నీ తప్పు లేదు. ఈ చీటీలతో నీకు పని లేదు." ఈ మాట నా సొంతం కాదు. పదవ హిజ్రీలో, క్రీ.శ. 632లో, దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం రెండేళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాడి మరణానికే సూర్యుడు చీకటి పడ్డాడని జనం అనుకున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి ఆ మాట ఓదార్పుగానే ఉండేది. కాని ఆయన దాన్ని అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు కోసమో, ఎవరి పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదనీ తెలియజెప్పారు. రెండు సంగతులు ఒకే రోజు జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. ప్రవక్త కుమారుడి విషయంలో చెల్లని లెక్క టమోటా బుట్టల విషయంలో ఎలా చెల్లుతుంది?

అరబ్బులు పక్షి ఎగిరిన దిక్కును బట్టి శకునం చూసేవారు. అరబీలో పక్షిని 'తాయిర్' అంటారు. శకునం చూడడాన్ని 'తియరా' అంటారు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. దివ్య ఖుర్ఆన్ 'బనీ ఇస్రాయీల్' సూరాలో ఆ మాటనే తీసుకొని, ప్రతి మనిషి 'తాయిర్' అతని మెడకే కట్టి ఉందని బోధించింది. అంటే ఎవరి కర్మల ఫలం వారిదే. ఒకరి మెడకు కట్టింది మరొకరి పంటను పాడుచేయదు. ఇక నెలల సంగతి. శకునాలనూ, సఫర్ గురించిన మూఢనమ్మకాన్నీ దైవప్రవక్త (స) తోసిపుచ్చారు. బుఖారీ, ముస్లిం రెండు సహీహ్ గ్రంథాల్లోనూ ఆ హదీసు ఉంది. ఆ కాలపు అరబ్బులు షవ్వాల్ నెలలో పెళ్ళి అరిష్టమనుకునేవారు. హజ్రత్ ఆయిషా (రజి) నిఖా, అత్తవారింటి ప్రవేశం రెండూ షవ్వాల్‌లోనే జరిగాయి. తనకన్నా భాగ్యవంతురాలెవరని ఆమె సంతోషంగా చెప్పుకున్నారు.

కోడలొచ్చిన వేళ, గొడ్డొచ్చిన వేళ అని మన సీమలో సామెత. హిందువులూ అంటారు, మనమూ అంటాం. మనిషిని గొడ్డుతో జతకట్టిన సామెత అది. ఆ కోడలు ఏం చదివింది, ఏ పని చక్కగా చేస్తుంది, దేనికి నవ్వుతుంది, దేనికి భయపడుతుంది అని అడిగే అవసరమే లేకుండా చేసింది. భాషలలో, రంగులలో మనుషులను వేరు వేరుగా పుట్టించడం తన సూచనల్లో ఒకటని సృష్టికర్త చెబుతుంటే, మనం మనిషిని 'పాదం' అనే ఒక్క మాటకు కుదించేశాం.

ఖాలాను తప్పుబడుతున్న నేనూ తక్కువవాణ్ణేమీ కాను. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో మా వీధికి నీళ్ళొచ్చాయి. ఎదురు వరుస ఇళ్ళలో మోకాటి లోతు నిలిచాయి. మా గడప దాకా వచ్చి ఆగిపోయాయి. "మన దువాల బర్కత్" అని గట్టిగానే అన్నాను. ఎదురింటాయన అప్పుడు తడిసిన పరుపును బయటికి లాగుతున్నాడు. ఆయనా ఐదు పూటలా నమాజు చేసే మనిషే. నా మాటకు ఏమీ అనలేదు, తల వంచుకున్నాడు. వీధి ఆ వైపు పల్లం, ఈ వైపు మెరక. అదీ తేడా. అల్లాహ్‌కు కృతజ్ఞత తెలుపుకోవడం నా ధర్మం. కాని నా గడప పొడిగా ఉండడాన్ని నా పుణ్యానికి సాక్ష్యంగా చూపితే, ఆయన తడిసిన పరుపు ఆయన పాపానికి సాక్ష్యమవుతుంది. కోడలిని మన్హూస్ అన్న నోరూ, నా నోరూ ఒకటే.

అలాగని తఖ్దీర్‌ను కాదనడం లేదు. అది మన ఈమాన్‌లో భాగం. రేపు తానేం సంపాదిస్తాడో ఏ ప్రాణికీ తెలియదు. ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమన్నారు దైవప్రవక్త (స). అందరూ ఒకేసారి నాటితే ధర ఏమవుతుందో ఆలోచించడం, నాలుగు పంటలు కలిపి వేయడం ఒంటెను కట్టడమే. అంతా చేశాక కూడా నష్టం వస్తే ఓర్చుకోవాలి. ఆ నష్టాన్ని ఇంట్లో అందరికన్నా బలహీనమైన మనిషి నెత్తిన వేయడం తఖ్దీర్‌ను నమ్మడం కాదు, అన్యాయం.

ఆ రోజు బిడ్డను ఒడిలో పెట్టుకొని ఖాలాకు ఇలా జవాబు చెప్పాను: "ఖాలాజాన్, ఈ పాదం ఇంకా నేల కూడా తాకలేదు. అప్పుడే దాని మీద లెక్క రాయొద్దు. తల్లి మీద రాసిన లెక్క కూడా కొట్టేయండి." ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, బాలింత గదిలోకి పాలగ్లాసు తానే తీసుకొని వెళ్ళింది. మనసు మారిందో, మొహమాటమో నేను చెప్పలేను.

మన ఇళ్ళలోనూ ఇలాంటి మాట ఒకటి ఎవరి మీదో పడి ఉంటుంది. ఈ జుమా నాడు దాన్ని వెనక్కి తీసుకుందాం. మన నాలుకల కీడు నుంచి మన ఇంటివారిని అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.