కొరత తీరింది, ధర దిగలేదు

అమెరికాలో బరువు తగ్గించే ఇంజెక్షన్ల కొరత కాగితం మీద తీరిపోయింది. మౌంజారో, జెప్‌బౌండ్‌లలో ఉండే టిర్జెపటైడ్‌కు 2024 డిసెంబరులో, వెగోవీ, ఒజెంపిక్‌లలో ఉండే సెమాగ్లూటైడ్‌కు 2025 ఫిబ్రవరిలో ఇక కొరత లేదని ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చింది. కొరత పేరుతో ఆ మందులకు నకళ్లు తయారుచేసి అమ్మిన కాంపౌండింగ్ ఫార్మసీల వెసులుబాటు 2025 మే దాటేసరికి చాలావరకు పోయింది. చౌకగా దొరుకుతోందని వాటినే నమ్ముకున్నవాళ్లు కొత్త దుకాణం వెతుక్కోవాల్సి వచ్చింది. 2025లో వెగోవీ జాబితా ధరేమో నెలకు 1,349 డాలర్లు ఉండేది. బరువు కోసమే అంటే చాలా బీమా పాలసీలు చేతులెత్తేస్తాయి.

మందు ఆపేద్దామన్నా కుదరదు, తగ్గిన బరువులో చాలాభాగం తిరిగొచ్చేస్తుంది. ఈ భయమే ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసి అమ్మే ఈ మందుల పొడి సీసాలకు గిరాకీ తెచ్చింది. ఆ ముక్క కొనేవాళ్లకు చేసే హెచ్చరిక కాదు, అమ్మేవాళ్లు వేసుకున్న ముసుగు.

సీసాతో ఇంకో చిక్కుంది. కంపెనీ పెన్ను మోతాదును తనే కొలిచి ఇస్తుంది. సీసాలోంచి అయితే ఇన్సులిన్ సిరంజితో మనమే లాగాలి. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములున్న ద్రావణంలో సెమాగ్లూటైడ్ తొలి మోతాదు 0.25 మిల్లీగ్రాములంటే సిరంజి మీద 5 యూనిట్లే. పొరపాటున 50 దాకా లాగితే పది రెట్లు ఒంట్లోకి పోతుంది. ఉద్దేశించిన దానికి 5 నుంచి 20 రెట్లు ఎక్కించుకుని వాంతులతో ఆసుపత్రి పాలైన ఉదంతాలను ఎఫ్‌డీఏ 2024 జులైలోనే బయటపెట్టింది.

పేరున్న డబ్బా కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. నకిలీ ఒజెంపిక్ అధికారిక సరఫరా గొలుసులోకే చొరబడిందని 2023 డిసెంబరులో తేలింది. అందుకే ప్రిస్క్రిప్షన్ అడగని చోట కొనకూడదు. ఫార్మసీకి లైసెన్సుందో లేదో రాష్ట్ర ఫార్మసీ బోర్డులో చూసుకోవచ్చు. పార్సిల్ వెచ్చగా వస్తే వాడకుండా ఫార్మసీకి ఫోన్ చేయడం మేలు.

ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన రెండు మౌంజారో సీసాలు తెప్పించుకుందామనే ఆలోచన మనవాళ్లలో కొందరికి రావచ్చు. 2025 మార్చిలో భారత్‌లో విడుదలైనప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా ధర 3,500 రూపాయలే మరి. కానీ విదేశీ మందును అలా తెచ్చుకోవడాన్ని అమెరికా చట్టం సాధారణంగా ఒప్పుకోదు. పైగా ఆ సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో నిల్వ ఉంచాలి.

కంపెనీలూ కాస్త దిగొచ్చాయి. బీమా లేనివాళ్లకు ఎలీ లిల్లీ 2024 ఆగస్టులో జెప్‌బౌండ్ తొలి మోతాదు సీసాలను నెలకు 399 డాలర్లకు, నోవో నార్డిస్క్ 2025 మార్చిలో వెగోవీని 499కి నేరుగా అమ్మడం మొదలుపెట్టాయి. కాంపౌండింగ్ పోటీ లేకపోతే ఈపాటి తగ్గింపైనా వచ్చేదా అన్నది నా అనుమానం.