‘ఇతరుల’ గడిలో తెలుగు యూదులు

కృష్ణ ఒడ్డు నుంచి – బీచుపల్లి బాటసారి

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు మా బీచుపల్లి ఘాట్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. కృష్ణమ్మ పుట్టిన మహారాష్ట్ర ఆ ఏడాదే తన యూదులకు మైనారిటీ హోదా ఇచ్చింది. ఆ కబురు మనకూ పట్టాల్సిందే. ఇదే నదికి దిగువన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన, కొత్తరెడ్డిపాలెంలో, ఇంట్లో తెలుగు మాట్లాడే యూదులున్నారు.

తమను ‘బెనే ఎఫ్రాయిమ్’ అని చెప్పుకుంటారు. మాదిగ కుటుంబాలు. అంతకుముందు బాప్టిస్టు సంఘంలో ఉన్నవాళ్లు. ష్మూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో 1990ల మొదట్లో అక్కడ సినగాగ్ వెలిసింది. శనివారం పని మానుకుని ప్రార్థన చేస్తారు. హీబ్రూ నేర్చుకుంటారు. తప్పిపోయిన పది గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం తమదని వాళ్ల నమ్మకం. ఇజ్రాయెల్ దాన్ని గుర్తించలేదు. చరిత్రకారులు తేల్చుకోనీ. మూడు దశాబ్దాలుగా సబ్బాతు పాటిస్తున్నవాళ్లను తాతల చిట్టా చూపించమనడానికి మనమెవరం?

స్వీడన్ ఏం చేసిందో చూడండి. 1774లో ఆరోన్ ఇసాక్ అనే ముద్రలు చెక్కే పనివాడు స్టాక్‌హోమ్ చేరాడు. బాప్తిస్మం తీసుకుంటేనే ఉండనిస్తామన్నారు. ససేమిరా అన్నాడు. చివరికి యూదుడిగానే ఉండేందుకు అనుమతి సాధించాడు. 2000లో ఆ దేశం యూదులను జాతీయ మైనారిటీగా, యిద్దిష్‌ను మైనారిటీ భాషగా గుర్తించింది. అలాగని స్వీడన్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. యూదుల పద్ధతి జంతువధపై 1930లలో తెచ్చిన నిషేధం ఇంకా అలాగే ఉంది.

మన దగ్గర చిక్కు వేరు. కేంద్రం గుర్తించిన ఆరు మైనారిటీల్లో యూదులు లేరు. జనగణన పట్టికలో వాళ్లది ‘ఇతరుల’ గడి. అసలు దెబ్బ మరోచోట ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. కాగితం మీద యూదుణ్నని రాసుకున్న మాదిగకు ఆ హోదా పోతుంది. మతం మారితే ఊళ్లో కులం పోయిందా? పోలేదు, పోదు కూడా. పోయేది రిజర్వేషనే.

ఎస్సీ ఉత్తర్వు మార్చడం ఢిల్లీ పని. మైనారిటీ హోదాకు మాత్రం ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. 2018లో గుజరాత్ కూడా ఇచ్చింది. అమరావతి ఆ జీవో తీయాలి, ఎస్సీ హక్కు కోసం కేంద్రానికి లేఖ రాయాలి. రెండోది వదిలేసి మొదటిది మాత్రమే ఇస్తే కొత్తరెడ్డిపాలేనికి ఒరిగేది అంతంతమాత్రమే.