నాడి ఆగింది, గుండె ఆగలేదు

మహిమలు చూపే స్వాములలో విభూతి రాల్చేవాళ్లది ఒక తరగతి, గుండెను ఆపేవాళ్లది ఇంకో తరగతి. రెండోవాళ్లకు మర్యాద ఎక్కువ. కారణం, వాళ్లు డాక్టర్నే సాక్షిగా పిలుస్తారు. స్వామి వేదిక మీద పద్మాసనం వేసుకుని కూర్చుంటాడు. ఊళ్లో పేరున్న డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకుంటాడు. కాసేపటికి నాడి సన్నగిల్లుతుంది, తర్వాత అసలే అందదు. డాక్టరు ముఖంలో ఆశ్చర్యం కనబడగానే మైకు పట్టుకున్న భక్తుడు, స్వామివారు గుండెను నిలిపి ప్రాణాన్ని బ్రహ్మరంధ్రానికి ఎక్కించారని ప్రకటిస్తాడు. ఆపైన చప్పట్లు, హారతి, హుండీ.

ఇందులో డాక్టరు చెప్పిన అబద్ధం ఏమీ లేదు. నాడి నిజంగానే అందలేదు. మోసమంతా భక్తుడు తేల్చిన దాంట్లో ఉంది. నాడి అందకపోవడం వేరు, గుండె ఆగడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరం ఎంతో తెలియాలంటే గుండె, రక్తనాళాలు, ఊపిరితిత్తులు కలిసి ఎలా పనిచేస్తాయో తెలియాలి. అది తెలిసినవాడికి ఆ వేదిక మీద మహిమ కనిపించదు, శరీరధర్మ శాస్త్రం కనిపిస్తుంది.

ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడల్లా సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం మహాధమనిలోకి దూసుకుపోతుంది. ఆ తాకిడికి పుట్టిన ఒత్తిడి అల ధమనుల గోడల వెంట పాకి చేతి దాకా వస్తుంది. మణికట్టు దగ్గర మన వేలికి తగిలేది ఆ అలే. అది చేతికి రావాలంటే చంక గుండా రావాలి. అక్కడ ధమనిని గట్టిగా నొక్కితే అల అక్కడే ఆగుతుంది, మణికట్టు దగ్గర నాడి మాయమవుతుంది, గుండె మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. కాషాయం కింద, చంకలో ఒక నిమ్మకాయో రబ్బరు బంతో పెట్టుకుని చేతిని ఒంటికి అదిమితే చాలు. కోయంబత్తూరు దగ్గరి పోదనూరుకు చెందిన హేతువాది బి. ప్రేమానంద్ దేశమంతా తిరిగి విప్పి చూపిన కిటుకుల్లో ఇదొకటి. డాక్టరు రెండో చెయ్యి కూడా పట్టుకుని, మెడ పక్కన వేలు పెట్టి ఉంటే ఆట అక్కడే ముగిసేది. కానీ స్వామి మెడ మీద చెయ్యి వేసే సాహసం ఎవరికుంటుంది?

చంకలో ఏమీ పెట్టుకోకుండా, రెండు చేతుల్లోనూ నాడిని మాయం చేసేవాళ్లూ ఉన్నారు. స్టెతస్కోపు పెట్టినా గుండె చప్పుడు వినపడదు. ఇది మొదటిదాని కన్నా పై స్థాయి విద్య. అసలు పాఠం కూడా ఇక్కడే ఉంది.

గుండె ఒకటే అయినా అది నడిపే దారులు రెండు. ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ ఖర్చయిన రక్తం సిరల ద్వారా కుడి కర్ణికకు, అక్కడి నుంచి కుడి జఠరికకు, పుపుస ధమని మీదుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది. అక్కడ 30 కోట్లకు పైగా ఉన్న వాయుగోణుల చుట్టూ అల్లుకున్న కేశనాళికల్లో కార్బన్ డయాక్సైడును వదిలి ఆక్సిజన్‌ను అందుకుంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈ మార్పిడికి దొరికే సమయం ఒక సెకను కూడా ఉండదు. తర్వాత ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, మహాధమని, మళ్లీ ఒళ్లంతా. నిమిషానికి దాదాపు అయిదు లీటర్లు కుడి వైపు నుంచి ఊపిరితిత్తులకు పోతే, అంతే రక్తం ఎడమ వైపు నుంచి ఒంటికి పోవాలి. కుడి వైపుకు రాబడి తగ్గితే, నాలుగైదు స్పందనల తేడాతో ఎడమ వైపు పంపకమూ తగ్గుతుంది.

పైగా గుండె, ఊపిరితిత్తులు ఒకే ఛాతీలో, పక్కపక్కనే ఉంటాయి. మనం గాలి పీల్చినప్పుడు ఛాతీ లోపలి ఒత్తిడి తగ్గి, సిరల్లోని రక్తం గుండె వైపు సులువుగా వస్తుంది. అదే గొంతు బిగించి, ఊపిరి బయటికి పోనీయకుండా పొట్ట కండరాలతో గట్టిగా ముక్కితే లోపలి ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. గుండెకు చేరే పెద్ద సిరల్లో ఒత్తిడి చాలా తక్కువ, కొద్ది మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. బయటి నుంచి 40 మిల్లీమీటర్ల ఒత్తిడి పడితే అవి అణిగిపోతాయి. కుడి గుండెకు రక్తం అందదు, కాసేపటికి ఎడమ గుండె పంపడానికి రక్తం చాలదు, మణికట్టు దగ్గర నాడి చిక్కి అందకుండా పోతుంది. కవాటాలు మూసుకునే చప్పుడు సన్నబడుతుంది, బిగిసిన కండరాల రొద దాన్ని మింగేస్తుంది. గుండె మాత్రం ఆ సమయంలో మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది. బిగింపు వదలగానే అప్పటిదాకా ఆగిన రక్తం ఒక్కసారిగా వచ్చి పడుతుంది, నాడి ముందుకన్నా బలంగా తగులుతుంది. "ప్రాణం తిరిగొచ్చింది" అని భక్తులు దండం పెట్టేది అప్పుడే.

మలబద్ధకం ఉన్నవాడు మరుగుదొడ్లో రోజూ చేసే పని ఇది. వయసు మళ్లినవాళ్లు అక్కడ కళ్లు తిరిగి పడిపోవడానికి ఒక కారణం కూడా ఇదే. వేదిక మీద చేస్తే సమాధి, దొడ్లో చేస్తే ముక్కుడు. సిరలకు ఈ తేడా తెలియదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు, పరీక్షించి తేల్చిన విషయం. 1935లో ఫ్రెంచి హృద్రోగ నిపుణురాలు తెరేజ్ బ్రోస్ ఈసీజీ యంత్రంతో మన దేశానికి వచ్చి యోగులను పరీక్షించారు. ఒక యోగి ఈసీజీ గీత దాదాపు చదునుగా రావడంతో, గుండె ఆగుతుందన్న నమ్మకానికి శాస్త్రం ముద్ర పడినట్టయింది. తర్వాత వెంగర్, బాగ్చీ అనే ఇద్దరు పరిశోధకులు, ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన ఆనంద్ కలిసి మళ్లీ పరీక్షలు చేసి 1961లో ఫలితాలు ప్రకటించారు. గుండెను ఆపుతామన్నవాళ్లు ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు నాడి అందలేదు, స్టెతస్కోపుకు చప్పుడు వినబడలేదు, ఈసీజీలో మాత్రం స్పందనలు సాగుతూనే ఉన్నాయి. ఉదరవితానం కిందికి దిగితే ఛాతీలో గుండె కొంత నిలువుగా తిరుగుతుంది. అప్పుడు ఒక కోణం నుంచి తీసిన గీత చిన్నదవుతుంది, ఇంకో కోణంలో గుండె స్పందన స్పష్టంగానే కనబడుతుంది. ఒక్క గీతను చూసి తీర్పు చెప్పకూడదనడానికి ఇదే ఉదాహరణ.

1970లో అమెరికాలోని మెనింగర్ ఫౌండేషన్‌లో స్వామి రామ 17 సెకన్లు గుండెను ఆపాడని పుస్తకాల్లో రాస్తుంటారు. ఈసీజీలో కనబడింది ఆగిన గుండె కాదు, నిమిషానికి సుమారు 300 సార్లు అదిరిన గుండె. అంత వేగంలో జఠరికలు నిండవు కాబట్టి పంపింగ్ సరిగా జరగదు. అది అసాధారణమైన విషయమే, పరిశోధించదగిందే. కానీ దాని పేరు లయ తప్పడం, ఆగడం కాదు.

అయితే యోగం అంతా బూటకమేనా అని అడుగుతారు. కాదు. గుండె స్పందనను మొదలుపెట్టేది కుడి కర్ణికలోని సైనస్ కణుపు. దానికి మన ఆజ్ఞతో పనిలేదు. కానీ ఊపిరి మన చేతిలో ఉంది, ఊపిరికి గుండెతో సంబంధం ఉంది. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. నెమ్మదిగా, దీర్ఘంగా శ్వాసిస్తే మనసూ గుండే కుదుటపడటంలో వింత లేదు. దానికి గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం చాలు, కుండలిని అక్కర్లేదు. ఉన్న మేలును ఉన్నంత చెప్పడానికి హేతువాదికి అభ్యంతరం లేదు. గోరంత మేలును కొండంత మహిమ చేసి అమ్మడం మీదే అభ్యంతరం.

కుండలిని, బ్రహ్మరంధ్రం లాంటి మాటలకు ఆధారం పాత గ్రంథాలే. అయితే గ్రంథంలో ఉంది కాబట్టి నిజం అనే జబ్బు మన ఒక్కరిదే కాదు. గుండె మధ్య గోడలో కంటికి కనబడని రంధ్రాలుంటాయని, వాటి గుండా రక్తం కుడి నుంచి ఎడమకు వస్తుందని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ రాస్తే, యూరప్ వైద్యులు దాదాపు 1400 ఏళ్లు ఆ లేని రంధ్రాలను నమ్మారు. 1242లో అరబ్ వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ ఆ గోడలో రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తుల గుండానే రావాలని రాశాడు. 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే లెక్క వేశాడు. గుండె అరగంటలో పంపే రక్తం ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కన్నా ఎక్కువ, కాబట్టి అదే రక్తం తిరిగి రావాలి అన్నాడు. ధమనుల నుంచి సిరలకు దారి మాత్రం ఆయనకు కనబడలేదు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికలను చూసి ఆ లోటు తీర్చాడు.

గ్రంథాన్ని శరీరంతో పోల్చి చూసే ఈ పని మన దేశంలో చేసినవాళ్లలో ఒక సన్యాసి ఉన్నాడు. ఆయనే తర్వాత ఆర్యసమాజం స్థాపించిన దయానంద సరస్వతి. హఠయోగ గ్రంథాల్లోని నాడీచక్రాల వర్ణన నిజమా అని ఆయనకు అనుమానం వచ్చింది. గంగలో కొట్టుకొస్తున్న శవాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, గుండెను బయటికి తీసి పుస్తకంతో పోల్చి చూశాడు. ఏదీ కలవలేదు. పుస్తకాలను చింపి శవంతోపాటు గంగలో పడేశానని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. వేదాలను ఆయన అలా పరీక్షకు పెట్టలేదు, అది వేరే తగువు. కానీ ఆ రోజు ఒడ్డున ఆయన చేసింది అచ్చమైన హేతువాది పని.

ఈ నమ్మకం వేదిక దగ్గరే ఆగితే నవ్వుకుని వదిలేయవచ్చు. సంకల్పబలంతో గుండెను ఆపగలిగితే, అదే బలంతో బాగుచేయనూ వచ్చు కదా అన్నది దాని తర్వాతి మెట్టు. ధ్యానంతో బ్లాకులు కరుగుతాయని మాత్రలు మానేవాళ్లు అక్కడి నుంచే వస్తారు. గుండె గదుల నిండా రక్తం ఉన్నా గుండె కండరం ఆ రక్తంతో బతకదు. మహాధమని మొదట్లో చీలే కరోనరీ ధమనులే దాన్ని పోషిస్తాయి. వాటిలో గడ్డ అడ్డుపడితే ఊపిరి బిగబట్టే కుంభకం దాన్ని తొలగించలేదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికి పాకే నొప్పి, చెమటలు పట్టినప్పుడు తాయెత్తుకో విభూతికో గడిపే ప్రతి నిమిషంలో కొంత కండరం చచ్చిపోతుంది, అది తిరిగి రాదు.

కనుక ఈసారి ఎవరైనా గుండె ఆపుతానంటే వాదన పెట్టుకోవద్దు. చొక్కా విప్పమనండి. రెండు మణికట్లూ, మెడా ఒకేసారి పట్టుకోండి. పన్నెండు లీడ్ల ఈసీజీ తగిలించండి, కవాటాల కదలిక కనబడేలా ఎకో పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యంగా, గొంతు బిగించకుండా, నోరు తెరిచి మాట్లాడుతూ ఆపమనండి. గుండె నిజంగా ఆగితే మెదడుకు రక్తం అందక పది సెకన్లు అటూ ఇటుగా స్పృహ పోతుంది. కాబట్టి బహుమతి ఎంత పెద్దది ప్రకటించినా భయం లేదు. ఓడినవాడికి ఇవ్వనక్కర్లేదు, నెగ్గినవాడు అందుకునే స్థితిలో ఉండడు.