తోడు కావాలంటే కొనాల్సిందేనా?

మా ఇంట్లో రాజా అనే కుక్క ఉంది. నాలుగేండ్లది. అమ్మ గార్మెంట్స్‌కు, నాయన సిప్‌కాట్‌లో పనికి, నేను బడికి పోతే సాయంత్రం దాకా అది ఒక్కటే. తలుపు గీకుతుంది, ఊళ పెడుతుంది. పక్కింటివాళ్లు మూడుసార్లు గొడవకు వచ్చారు. దానికి తోడు తేవాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. తగువంతా ఏ కుక్కను తేవాలన్నదాని మీదే.

పెదనాయన ల్యాబ్రడార్ పిల్లను కొందామన్నారు. హోసూరుకు బెంగుళూరు దగ్గరే కదా, పన్నెండు వేలకు దొరుకుతుందట. నేను షెల్టర్ నుంచి తెద్దామన్నాను. "ఎవరో పారేసిన కుక్కను మనమేమిటికి ఏరుకోవాల? రోగాలుంటాయి" అన్నారు. ఆ మాటకు జవాబే ఈ వ్యాసం.

పారేసింది ఎవరు? నేనూ నాయనా ఒక షెల్టర్‌కు పోయి చూశాం. అన్నీ వీధికుక్కలే ఉంటాయనుకున్నాను. కాదు! రెండు ల్యాబ్రడార్లు, ఒక హస్కీ కూడా ఉన్నాయి. మంచులో బండి లాగే జాతిని ఈ ఎండలో పెంచాలని ఎవరికి తోచిందో! డబ్బు పోసి కొన్నవాళ్లే ఇల్లు మారేటప్పుడు వదిలేసి పోయారట. మరి కొన్నప్పుడు గొప్పదైన కుక్క వదిలేస్తే ఎట్ల తక్కువదయింది? ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క ఏ జాతిదో ఎవరైనా అడిగారా?

ఇక రోగాల మాట. మేము పోయిన చోట కుక్కలకు రేబీస్ టీకా వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే ఇస్తారు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెదనాయన ఫోన్‌లో చూపిన పిల్లకు ఐదు వారాలని అమ్మేవాడే చెప్పాడు! పార్వో లాంటి రోగం ఎక్కువగా పట్టేది టీకాలు పడని అట్లాంటి పిల్లలకే. పైగా మనుషులు లేని ఇంట్లో ఆ పసిదాన్ని ఎవరు చూస్తారు? రాజానా?

నా పక్షం వాళ్లతో కూడా నాకు తగువుంది. రెండో కుక్క వస్తే మొదటిదాన్ని తిప్పే పని తప్పుతుందని కొందరి ఆశ. నిజం చెప్పాలంటే నాదీ అదే. షెల్టర్ అక్క నన్ను చూసి, "ముందు మీ కుక్కను రోజూ నడిపించు. లేకపోతే రెండూ కలిసి ఊళ పెడతాయి" అనింది. సిగ్గేసింది. మూడు వారాలుగా పొద్దున ఐదున్నరకే లేచి తిప్పుతున్నాను. ఊళ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పోయిన ఆదివారం రాజాను తీసుకుపోయాం. అక్కడ ఆరేండ్ల గోధుమరంగు ఆడకుక్క ఉంది. వయసు చూసి దాన్ని ఎవరూ అడగలేదట. ఏ కుక్కకూ సొంతం కాని చోటయితే కొట్లాట తక్కువని రెండింటినీ గేటు బయట రోడ్డు మీద పక్కపక్కన నడిపించారు. రాజా ఒకసారి గుర్రుమంది. తర్వాత మూతి వాసన చూసింది. తిరిగొచ్చేటప్పుడు రెండూ ఒకే రాయి మీద ఉచ్చపోశాయి. ఫోన్‌లో బొమ్మ చూసి కొంటే ఇది తెలుస్తుందా?

కాగితాల మీద పెద్దవాళ్ల సంతకం కావాలి. అన్న మాట కాదని నాయన పెట్టడు. అందుకే పత్రిక అచ్చయ్యాక మొదటి ప్రతి పెదనాయనకే ఇస్తాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇస్తే శాంతంగా చదువుతారని అవ్వ చెప్పింది.