పైపు మీది పాత తొడుగును పీకకండి

చలి మొదలైంది. న్యూజెర్సీ, మసాచుసెట్స్, మిషిగన్ వైపు పాత ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకు ఒక్క మాట వెంటనే చెప్పాలి. వేడి పైపులకు కొత్త తొడుగు వేద్దామని ఈ శని, ఆదివారాల్లో బేస్‌మెంట్‌లోకి దిగబోతున్నారా? పైపు మీద ఇప్పటికే తెల్లగానో బూడిదరంగులోనో పాత చుట్టు ఉంటే దాన్ని కొయ్యకండి, పీకకండి, గోటితో గీకి కూడా చూడకండి. అది ఆస్బెస్టాస్ కావచ్చు. అంటే మన రాతినార.

పోయిన శనివారం ఒక మిత్రుడు వీడియో కాల్ చేశాడు. వందేళ్ల నాటి ఇల్లు, వేసవిలోనే గృహప్రవేశం అయింది. “అన్నా, గ్యాసు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఇదేదో పాత అట్టలా ఉంది, పీకి పారేసి కొత్తది తొడిగేస్తా” అంటూ ఫోను పైకెత్తి చూపించాడు. గుడ్డ చుట్టిన లావుపాటి పైపు. అతను అప్పటికే కోసిన చోట, సామాన్లు వచ్చే అట్టపెట్టె అంచులాగా మడతలు మడతలుగా పొరలు. పైపు వంపు తిరిగిన చోట సున్నం మెత్తినట్టు ఒక ముద్ద. కింద పాప మూడు చక్రాల సైకిలు, దాని సీటు మీద తెల్లటి పొడి. కత్తి కింద పెట్టి పైకి వచ్చెయ్యమన్నాను. “మాస్కు పెట్టుకున్నాలే అన్నా” అన్నాడు. కోవిడ్ నాటి నీలం గుడ్డ మాస్కు!

ఆ మాస్కు ఈ నారను ఆపదు. ఒక్కో పోగు వెంట్రుకలో ఎన్నో వంతో ఉంటుంది. కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు, దగ్గు కూడా రాదు. పొడి కింద పడిపోయిందని మనం అనుకున్నాక కూడా గంటల తరబడి గాలిలో తేలుతూనే ఉంటుంది.

ఇలా చెబితే చాలామంది అనే మాట ఒకటుంది: “చిన్నప్పుడు సిమెంటు రేకుల కిందే పెరిగాం, మాకేమైంది?” రేకు మంచిదని కాదు గానీ, రెంటికీ తేడా ఉంది. రేకులో నార సిమెంటు పట్టులో ఇరుక్కుని ఉంటుంది. కోస్తేనో, పగిలితేనో, ఏళ్లకేళ్లు వానకు ఎండకు అరిగితేనో బయటపడుతుంది. పైపు తొడుగులో ఆ పట్టు ఉండదు. పాతబడితే చేత్తో నలిపినా పిండి అయిపోతుంది. మన కడప జిల్లా పులివెందుల దగ్గర గనుల్లో తవ్వింది ఈ నారనే. మన దేశంలో 1986లోనే కొత్త గనుల లీజులు ఆపేశారంటే ఊరికే కాదు.

అమెరికాలో బాయిలర్ నుంచి రేడియేటర్లకు ఆవిరినో వేడినీళ్లనో మోసే పైపులకు దశాబ్దాల పాటు దీన్నే చుట్టారు. ఇలాంటి తొడుగులు వేయడాన్ని అక్కడి పర్యావరణ సంస్థ 1975లో కట్టడి చేసింది. తెల్ల రాతినారను 2024లో నిషేధించింది. ఏ ఉత్తర్వూ అప్పటికే చుట్టి ఉన్నదాన్ని ఇళ్లలోంచి తీసెయ్యలేదు. బ్రిటన్‌లో పూర్తి నిషేధం 1999లో వచ్చింది. అక్కడ ఈ పైపు తొడుగులు తీయడం లైసెన్సు ఉన్నవాళ్ల పని. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు సొంత ఇంట్లో మనమే తీసుకుంటే అడ్డు చెప్పవు. చట్టం ఊరుకుంది కదా అని దిగకండి.

ఈ నార తెచ్చే జబ్బులు మరునాడు కనపడవు. ఊపిరితిత్తులు గట్టిపడడం, ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి చుట్టూ ఉండే పొరకు పట్టే మెసోథీలియోమా అన్నీ ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత బయటపడేవే. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 1980లో, యాభయ్యో ఏట, ఆ మెసోథీలియోమాతోనే పోయాడు. కుర్రతనంలో మెరైన్ దళంలో ఉండగా ఓడలో పైపుల తొడుగులు పీకించడం వల్లే తనకిది వచ్చి ఉంటుందని ఆయన అనుకునేవాడు. మధ్యలో ముప్పై ఏళ్లు. ఆ మూడు చక్రాల సైకిలు తొక్కే పాప వయసు నాలుగు.

తొడుగు చెక్కుచెదరకుండా ఉంటే దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. చూసి పోల్చడం ఎవరి వల్లా కాదు; నమూనాను మైక్రోస్కోపు కింద పరీక్షించాలి. ఆ నమూనా కూడా శిక్షణ ఉన్నవాళ్లతోనే తీయించండి. ఇంకో జాగ్రత్త: పరీక్ష చేసేవాళ్లూ తీసేవాళ్లూ ఒకరే కాకుండా చూసుకోండి. తీయడమే తన వ్యాపారమైనవాడు “తీయక్కర్లేదు” అని చెప్పడం కష్టం. చాలాచోట్ల తీయకుండా పైన గట్టిగా కప్పి మూసెయ్యడమే సరిపోతుంది.

ఇప్పటికే పీకేశారా? చీపురు పట్టకండి. వాక్యూమ్ అసలు పెట్టకండి. మామూలు వాక్యూమ్ ఆ పోగులను పట్టుకోలేక వెనక నుంచి ఇల్లంతా చిమ్ముతుంది. ఫ్యాను, బట్టలారబెట్టే మెషిన్ ఆపి, తలుపు మూసి బయటికి రండి. ఒంటి మీది బట్టలను తలుపు దగ్గరే ప్లాస్టిక్ సంచిలో వేసి కట్టేసి, స్నానం చెయ్యండి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి.

పాత చుట్టు లేని పైపులకు నిశ్చింతగా తొడుగు వేసుకోవచ్చు, చూసి కొనాలంతే. దుకాణంలో చవగ్గా దొరికే నల్ల ఫోమ్ గొట్టాలు ఆవిరి పైపుల వేడికి కరిగిపోతాయి, వాటికి ఫైబర్‌గ్లాసే కావాలి. గ్యాసు పొగ గొట్టానికి ఏ తొడుగునూ ఆరంగుళాల లోపు రానివ్వకండి.

మా మిత్రుడి ఇంటి బేస్‌మెంట్ తలుపుకు ఇప్పుడు చుట్టూ టేపు అంటించి ఉంది. నమూనా ల్యాబుకు వెళ్లింది, ఫలితం ఇంకా రాలేదు. ఇల్లు కొనేటప్పుడు ఇచ్చిన తనిఖీ నివేదికను నిన్న రాత్రి మొదటిసారి చివరిదాకా చదివాడట. చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: పైపుల తొడుగును పరీక్ష చేయించుకోవాలని.