గింజల గొర్రు, తూటాల తుపాకి

ఈ యేడు కోటప్పకొండ తిరణాళ్ళలో మా అన్నయ్య కొడుకు ఒక ఆటతుపాకి కొనుక్కొచ్చాడు. మీట ఒక్కసారి నొక్కి పట్టుకుంటే చాలు, ట ట ట మని మోగుతూనే ఉంటుంది. కల్లంలో మిరపకాయలు ఏరే కూలీలను, అరుగుకింద పిల్లిని, చివరికి నన్నూ రెండు రోజుల్లో నూరుసార్లు చంపాడు. మూడోనాడు వాడికో సందేహం వచ్చింది.

"బాబాయ్! నిజం తుపాకీ అన్నిసార్లు దానంతటదే ఎలా పేలుతుంది?"

కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి నన్నడిగితే ఏం చెప్పను? అయినా బాబాయినయ్యాక తప్పుతుందా! వాణ్ణి గొడ్లసావిట్లోకి తీసుకువెళ్ళాను. మా నాన్నగారినాటి గొర్రు అక్కడ గోడకి చేరవేసి ఉంది. ట్రాక్టరు వచ్చాక దాన్ని కదిపిన నాథుడు లేడు.

"ఈ చెక్కగిన్నె జడ్డిగం. మీ నాయనమ్మ ఇందులో జొన్నలు వదిలేది. అవి గొట్టాల్లోంచి జారి, ఎద్దులు నడిచినంత సేపూ గింజవెంట గింజ చాళ్ళలో పడేవి. తుపాకి సంగతీ ఇక్కడే మొదలయిందిరా."

అమెరికాలో రిచర్డ్ గాట్లింగ్ అని ఒకాయన ఉండేవాడు. 1818లో పుట్టాడు. మనలాగే పత్తి పండించే సీమ వారిది. తండ్రి పత్తివిత్తనాలు నాటే యంత్రం చేస్తే, కొడుకు గోధుమలు విత్తే యంత్రం చేశాడు. 1861లో అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. అమెరికా పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక, మన దేశపు పత్తికి గిరాకీ పెరిగింది; కాకినాడ రేవుకు దశ తిరిగింది. ఆ యుద్ధంలోనే, 1862లో, గాట్లింగ్ ఒక తుపాకికి పేటెంటు తీసుకున్నాడు. ఇరుసు చుట్టూ ఆరు గొట్టాలు. చేత్తో పిడి తిప్పాలి. తూటాలు పైనున్న తొట్టిలోంచి తమ బరువుకు తామే జారిపడతాయి. అచ్చం మన జడ్డిగమే! ఒక గొట్టం తూటా అందుకుంటుంటే ఇంకొకటి పేలుతుంది, మరొకటి డొల్లను కక్కుతుంది. తన వంతు మళ్ళీ వచ్చేలోగా ప్రతి గొట్టమూ కాస్త చల్లబడుతుంది.

"అయితే తిప్పాలిగా?"

ఆ తిప్పుడూ లేకుండా చేసినవాడు హైరం మాక్సిమ్, 1884లో, లండనులో. తుపాకి పేలితే వెనక్కి తంతుంది గదా! భుజానికి తగిలి వృథాపోయే ఆ తన్నుచేతనే డొల్లను బయటికి తీయించి, కొత్త తూటా పెట్టించి, మళ్ళీ పేల్పించాడు. నిమిషానికి 600. గొట్టం కాలిపోకుండా చుట్టూ నీళ్ళతొడుగు.

గుమ్మంలో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న మా అమ్మ తలెత్తింది.

"విత్తనాలు వేసుకునేవాడికి ఈ పాపిష్టి పని ఎందుకొచ్చిందిరా?"

"చావులు తగ్గాలనేనమ్మా!"

నిజమే. 1877లో ఒక ఉత్తరంలో గాట్లింగ్ అలాగే రాశాడు. యుద్ధానికి వెళ్ళినవారు గుండ్లకంటే రోగాలకే ఎక్కువమంది బలికావడం చూశాడట. నూరుమంది పని ఒక్కడే చేసే యంత్రముంటే పెద్ద సైన్యాలే అక్కరలేదనుకున్నాడట.

అమ్మ నవ్వలేదు. "మరి తక్కిన తొంభైతొమ్మిదిమందీ ఇళ్ళకు పోయారా?"

పోలేదు. వాళ్ళచేతికీ మరతుపాకులు వచ్చాయి. 1916 జూలై 1న ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర ఒక్కరోజులో 19,000 మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. మరతుపాకులకు ఎదురు నడిచి పోయినవారు వారిలో ఎందరో!

యంత్రం పని తగ్గిస్తుందనుకోవడం తెలివైనవారికీ వచ్చే పొరపాటే. గొర్రు వచ్చాక మనం తక్కువ చేలు విత్తామా? చేతికి సులువైన పనిని మనిషి మరింత చేస్తాడు. అందుకే, సులువు చేసేముందు అది ఏ పనో చూసుకోవాలి.

రష్యా రైతుబిడ్డ కలాష్నికోవ్ 1947లో చేసిన తుపాకి, పేలుడు వాయువుల ఒత్తిడితో నడుస్తుంది. ముసలితనంలో ఆయన, గడ్డికోసే యంత్రంలాంటిది, రైతుకు పనికొచ్చేదేదైనా చేసి ఉంటే బాగుండేదన్నాడు. గాట్లింగ్ చేలోంచి తుపాకికి వెళ్ళాడు. ఈయన తుపాకిలోంచి చేలోకి రావాలనుకున్నాడు, కాని అప్పటికే పొద్దుపోయింది.

మావాడు ఇదంతా ఎంత విన్నాడో తెలియదు. తుపాకి కింద పెట్టి, గుప్పెడు మిరపగింజలు తెచ్చి జడ్డిగంలో పోశాడు. గొట్టాల్లోంచి జలజల రాలాయి.

"ఇంకా పనిచేస్తోంది బాబాయ్!" అన్నాడు.